అడ్డంగా ఒక్క గీత

జూన్ 14, శుక్రవారం
మధ్యాహ్నం మూడు, వంటగది బల్ల దగ్గర

మా ఇంటి లాయరుకీ, మా ఇంటి గుమాస్తాకీ,

అమ్మ దీవెనలు. మావయ్యనీ అత్తనీ అడిగానని చెప్పండి. అత్త పెట్టిందంతా తినండి. తిన్న కంచాలు మీరే కడగండి.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపవలెను అని మొదలుపెట్టబోయి, ‘క్షేమం’ దగ్గర కలం ఆగిపోయింది. మామూలుగా ఆ మాట చెయ్యి రాసేస్తుంది, మనసు అటు తిరిగి కూడా చూడదు. ఈసారి మాత్రం ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే. కాబట్టి దాన్ని ఇక్కడ రాయకుండా వదిలేస్తున్నాను. చివరికి వచ్చేసరికి రాయగలనేమో చూద్దాం.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటారు. మూడుసార్లు చేశాను. మొదటిసారి మొక్కలకి నీళ్ళు పోశానని చెప్పాను. రెండోసారీ అదే చెప్పాను. మూడోసారి లాయరు, ‘మొక్కలు బతికున్నాయా అమ్మా, ముంచేశావా?’ అంది. ఇక ఫోను వల్ల కాదని తేలిపోయింది. ఆదివారం మీ నాన్న అక్కడికి వస్తున్నారు. ఈ కవరు ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. ఇద్దరూ కలిసి, ఒకే చోట కూర్చుని చదవండి. ఒకళ్ళు ముందు చదివేసి ఇంకొకళ్ళకి సారాంశం చెప్పడం ఒద్దు. అది లాయరుకి బాగా అలవాటు.

ఇంకొక్క మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. మా ఆఫీసు రిజిస్టరు నియమం మీకు తెలుసు. తప్పు రాస్తే చెరపకూడదు, మీద తెల్లరంగు పుయ్యకూడదు. అడ్డంగా ఒక్క గీత కొట్టి, సరైనది పైన రాసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. కింద ఏముందో అందరికీ కనపడాలి. ఈ ఉత్తరానికీ అదే నియమం. కొట్టివేతలు కనిపిస్తే అసహ్యించుకోకండి.

సోమవారం ఏదో వెతుక్కుంటూ గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళాను. ఏం వెతుక్కుంటున్నానో ఇవాళ్టికీ గుర్తు రాలేదు. సొరుగులో పొడుగాటి పుస్తకం కనపడింది. మా ఆఫీసులో పక్కన పడేసిన ఖాళీ రిజిస్టరు, బొమ్మలు వేసుకుంటావని నేనే తెచ్చిచ్చింది. బొమ్మలనుకునే తెరిచాను.

ఫిబ్రవరి నుంచి రాతలున్నాయి. తేదీ, సమయం, కిటికీలు, మబ్బు, నాన్న ఎక్కడ, గమనిక. ఆరు గళ్ళు, స్కేలుతో గీసినవి. మేము వాతావరణ ఆఫీసులో ఆకాశాన్ని ఎనిమిది వాటాలు చేసి మబ్బు ఎన్ని వాటాలు కమ్మిందో రాస్తామని మీకు చిన్నప్పుడు డాబా మీద నేర్పింది నేనే. అది నా మొహానికి వాడతారని అనుకోలేదు.

‘సాయంత్రం 6.10. కిటికీలు: నాలుగూ తెరిచి. మబ్బు: ఎనిమిదికి ఏడు. నాన్న: పక్క గదిలో, స్వెటర్‌తో. గమనిక: అమ్మ పక్కింటావిడతో నవ్వింది, లోపలికొచ్చి మనమీద అరిచింది.’

‘ఉదయం 7.30. మబ్బు: ఎనిమిదికి ఎనిమిది. గమనిక: అమ్మ ఏడ్చింది. కారణం: చెంచా.’

నేల మీద కూర్చుండిపోయి నవ్వాను. ఆ చెంచా సంగతి నాక్కూడా తెలీదర్రా. డ్రాయర్లో దాని గడిలో అది లేదు, అంతే. ఇల్లంతా నామీద పగబట్టినట్టు అనిపించింది.

తర్వాత పేజీలు తిప్పితే నవ్వు ఆగిపోయింది. ఏప్రిల్లో గుమాస్తా, ‘నాన్నా అమ్మా విడిపోతున్నారా? నాన్న ఏం చేశారు?’ అని రాశాడు. దాని కింద లాయరు చేతిరాత: ‘కాదు. ఇది పెద్దమ్మ లాగే. చెమటలు, గుండెదడ, మర్చిపోవడం. పెద్దమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు.’

చివరి పేజీలో మళ్ళీ అదే చేతిరాత: ‘సీటు వద్దని రాసేస్తాను. ఇక్కడి కాలేజీ చాలు. అమ్మకి ఇప్పుడే చెప్పకు.’

దాని కింద చిన్న అక్షరాలతో: ‘నువ్వెళ్ళినా పరవాలేదక్కా. నేను చూసుకుంటాను.’

ఆ రెండు వాక్యాల దగ్గర ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలీదు. నాలుగేళ్ళ వయసు నుంచీ జేబుల్లో రాళ్ళు నింపుకొచ్చి, నా వాషింగ్ మెషీన్‌ని రెండుసార్లు పాడుచేసిన పిల్ల, ఇప్పుడు రాళ్ళ చదువుకే సీటు తెచ్చుకుని, దాన్ని నాకోసం వదిలేస్తానంటోంది. అదీ ఒక లెక్క తప్పు వల్ల. సీటు ఖాయం చెయ్యడానికి వచ్చే బుధవారం ఆఖరి రోజు. అందుకే ఈ ఉత్తరం ఇవాళే పూర్తవ్వాలి.

ఇప్పుడు చెప్తాను. మేమిద్దరం విడిపోవడం లేదు. నాకు పెద్దమ్మ జబ్బు లేదు. నాకొచ్చింది మెనోపాజ్.

ఈ మాట ఒప్పుగా ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలీదు. ముట్లుడగడం అనేవారు మా అమ్మమ్మ తరంవాళ్ళు, అదీ పక్కకి తిరిగి. పుస్తకాల్లో రుతువిరతి అంటారు, అది చదివితే నాకే ఏదో సభలో కూర్చున్నట్టుంటుంది. అందుకని డాక్టరమ్మ అన్న మాటే రాశాను.

గుమాస్తా, ఇక్కడ నువ్వు పేజీ తిప్పేద్దామనుకుంటావు. తిప్పకు. మీ అక్క పెద్దమనిషైనప్పుడు బాత్రూము తలుపు దగ్గర నిలబడి దానికి పది నిమిషాల్లో అంతా అప్పచెప్పేశాను. నిన్ను అవసరం లేని సబ్బు కొనుక్కురమ్మని బజారుకి పంపాను. అప్పుడది తెలివైన పనే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఇంట్లో ఒకడికి మాత్రం ఆడవాళ్ళ ఒళ్ళంటే మూసిన తలుపూ, చేతిలో సబ్బూ అని నేర్పించాను. పదిహేనేళ్ళవాడివి, నా మబ్బులు లెక్కపెట్టినవాడివి, కారణం వినే హక్కు నీకుంది.

ఆడవాళ్ళకి నలభై అయిదు దాటాక, కొందరికి ముందే, నెలసరి క్రమం తప్పుతుంది. కొన్నాళ్ళకి ఆగిపోతుంది. పన్నెండు నెలలు వరసగా రాకపోతే ఆగినట్టు. నాకిది ఎనిమిదో నెల. ఒంట్లో ఇన్నాళ్ళూ ఒక పద్ధతిలో నడిచినవి పద్ధతి మార్చుకుంటాయి, ఆ మార్పిడిలో ఒళ్ళు గందరగోళపడుతుంది. వేడి గుండెల దగ్గర పుట్టి మెడ మీదుగా చెవుల దాకా ఎక్కుతుంది. రెండు మూడు నిమిషాలు. అది దిగాక చలి. అందుకే కిటికీలు తెరవడం, మళ్ళీ మూయమని మీమీద అరవడం. నిద్ర సరిగ్గా పట్టదు, పట్టకపోతే మాట తూలుతుంది. మీమీద అరిచినవన్నీ దీనివల్లే అని రాశాను ఇప్పుడే. ఆ వాక్యం కొట్టేశాను, చూడండి, పైన గీత ఉంది. అన్నీ కాదు. కొన్ని మీరు నిజంగా అరిపించుకున్నవే. తడి తువ్వాలు మంచం మీద వెయ్యడానికీ నా వయసుకీ సంబంధం లేదు. కానీ ఏది దీనివల్ల, ఏది నావల్ల అని విడదీయడం నాకు రావడం లేదు. కోపం వచ్చినప్పుడు అది పూర్తిగా న్యాయమైన కోపంలాగే ఉంటుంది. అరగంట తర్వాత చూస్తే చెంచా.

నాన్న పక్క గది సంగతి. మన కొండ ఊరి చలిలో కిటికీలన్నీ తెరిస్తే ఆయన వణికిపోయేవారు. నేను, ‘మీరు అవతల పడుకోండి’ అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆయన ఎందుకని అడగలేదు. రోజంతా కట్టుడుపళ్ళు చేసే మనిషి కదా, ఎవరి నోట్లోనైనా సందు కనపడితే అచ్చు తీసి సరిపోయే పన్ను పెట్టగలరు. నేను నోరు విప్పకపోతే మాత్రం ఆయనకేమీ తోచదు. నాలుగు నెలలు స్వెటర్ వేసుకుని, నాకు ఆయనంటే విసుగొచ్చిందనుకున్నారట. మంగళవారం చెప్పాను. ‘ఇదా? ఇది చెప్పడానికి నాలుగు నెలలా?’ అన్నారు. తర్వాత బజారుకెళ్ళి టేబులు ఫ్యాను ఒకటి కొనుక్కొచ్చి, నా వైపు తిప్పి పెట్టి, స్వెటర్‌తోనే వచ్చి పక్కన పడుకున్నారు. గుమాస్తా, నాన్న గడిలో ఇది రాసుకో.

అమ్మమ్మకి కూడా ఫోన్ చేశాను, తనకి ఎప్పుడు ఆగిందని. మన ఇళ్ళల్లో ఎవరి పుట్టినరోజైనా, ఎవరికి ఎన్నో పన్ను ఎప్పుడూడిందైనా చెప్పగల మనిషి, ఇది మాత్రం ఏమో, పనుల్లో పడి చూసుకోలేదంది. వేరే మాటల్లోకి వెళ్ళిపోయింది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టకుండా, ‘నువ్వు యూనివర్సిటీకి వెళ్ళిన ఏడు, నీమీద ఊరికే అరిచేదాన్ని చూడు. అది అదేనేమోనే’ అంది. ఇరవై ఏడేళ్ళుగా నేను ఆ చదువు ఎంచుకున్నందుకే అమ్మకి కోపమనుకున్నాను. హాస్టల్ నుంచి ఆర్నెల్లు ఉత్తరం రాయలేదు. అదేనేమో అంటే, అవునో కాదో ఆవిడకే తెలీదు. నాకెలా తెలుస్తుంది?

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. లాయరు ఇప్పటికే వేలెత్తి ఉంటుంది. పెద్దమ్మ కూడా ఇదే చెప్పింది కదా అని.

అవును. మా అక్క తనకి చెమటలు పడుతుంటే మనందరికీ ఇదే చెప్పింది. ఈ వయసులో మామూలేనే, నీకూ వస్తుందిలే అని నవ్వింది. తనూ అదే నమ్మిందో, మనల్ని నమ్మించిందో నాకు తెలీదు. పరీక్ష చేయించుకునేసరికి రక్తంలో జబ్బు ముదిరిపోయింది, మనకి దక్కలేదు. ఆ తర్వాత మన ఇంట్లో ఆ ‘మామూలే’కి విలువ పోయింది. నాకొచ్చింది మామూలే అని మీకు చెప్పాలంటే అక్క వాడిన మాటలే వాడాలి, వేరే మాటలు లేవు. చెప్పబోయినప్పుడల్లా నా నోట్లోంచి ఆవిడ గొంతు వచ్చేది. అందుకని ఏమీ లేదు అన్నాను. ఏమీ లేదు అనడం అంతకన్నా భయంగా ఉంటుందని పెద్దదాన్నైన నాకు తోచాల్సింది, తోచలేదు.

మీరు భయపడాల్సిందేమీ లేదు. నేను జనవరిలోనే డాక్టరు దగ్గర చూపించుకున్నాను. అప్పట్నుంచీ ఆవిడ కనిపెట్టి చూస్తూనే ఉంది. ఈమధ్య మళ్ళీ పరీక్షలు చేయించాను, కాగితాలు కవరులో పెడుతున్నాను. రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది, గుండె బాగుంది. మాటలు నమ్మొద్దు, అంకెలు చూసుకోండి.

అంకెల సంగతీ ఒకటి ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. మార్చిలో ఆఫీసులో ఒక పొరపాటు చేశాను. ఆవరణలో తెల్ల పెట్టె మీరు చూశారు కదా, కాళ్ళమీద నిలబెట్టింది, చుట్టూ రెక్కల చెక్కలున్నది. దాని తలుపు తీశాక గబగబా చూడాలి, ఊపిరి బిగబట్టి. థర్మామీటరులో ముందు పాయింటు తర్వాతి అంకె చూసి, ఆ తర్వాతే పూర్తి డిగ్రీ చూడాలి. ఎందుకంటే మనిషి దగ్గరకొస్తే ఒంటి వేడికి ముందు కదిలేది ఆ చిన్న అంకే. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆరోజు తలుపు తియ్యగానే ఒంట్లో వేడి ఎగదన్నింది. పెట్టెలో నీడ చల్లగా ఉంది. మొహం లోపల పెట్టేశాను. కళ్ళు మూసుకుని, ఎంతసేపో. తేరుకుని, కనపడింది రాసేసి వచ్చాను.

ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ వచ్చింది. మా ఆఫీసు పెద్దాయన పిలిచి, ఆ ఒక్క రోజే ఎండ మన ఆవరణలో మాత్రమే కాసిందా అని అడిగారు. నేను థర్మామీటరు చెడిందేమో అన్నాను. పాపం దాన్ని ఊడదీసి, నీళ్ళల్లో ఇంకోదాని పక్కన పెట్టి పరీక్షించారు. వెంట్రుకవాసి తేడా లేదు. మర్నాడు నేనే రిజిస్టరు తీసి ఆ అంకె మీద గీత కొట్టి, నమ్మదగింది కాదు అని రాశాను. కారణం దగ్గర ‘పరిశీలకురాలు దగ్గరగా నిలబడింది’ అని రాసి సంతకం పెట్టాను. పెద్దాయన చూశారు. ఆ వారం నుంచి నా వంతు రోజున ఆవరణలోకి ఒక కుర్చీ వచ్చింది. ఎవరు పెట్టించారో అడగలేదు.

మీ పుస్తకం చదివినప్పుడు నాకదే గుర్తొచ్చింది. మీరు రాసినవన్నీ నిజమే, ఒక్కటీ అబద్ధం కాదు. కానీ మరీ దగ్గరగా నిలబడి చూశారు. మీ భయం వేడి కూడా అంకెలోకి ఎక్కింది. పిల్లలు అమ్మకి దూరంగా నిలబడి ఎలా చూస్తారు?

లాయరూ, నీ సీటు కాగితం కవరులోనే ఉంది. నా సంతకం పెట్టాను, నాన్న సంతకం కూడా. వెళ్ళు అని రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. నిన్ను పంపడం నిజంగా నీ మంచికేనా, నువ్వు ఇంట్లో ఉంటే రోజూ నన్ను కొలుస్తావని నా భయమా అని ఆలోచించాను. రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. నువ్వెళ్ళాక ఇల్లెలా ఉంటుందో అన్నది మూడోది, దాన్ని లెక్కలోకి తీసుకోను. అయినా వెళ్ళు. నీకు రాళ్ళు ఇష్టం. వాటికి తొందరలేదు, నిజమే, కానీ బుధవారానికి తొందరుంది.

గుమాస్తా, నువ్వు నన్ను చూసుకోవాల్సిన పని లేదు. నా దగ్గర మొహం మాడ్చుకోకుండా తిరిగితే చాలు. అడగాలనుకున్నవి అడుగు. సిగ్గుగా ఉంటే రాసి నా బల్ల మీద పెట్టు, గళ్ళు గీసి మరీ జవాబు రాస్తాను.

ఈ ఉత్తరం సరిగ్గా రాశానా? నాకు తెలీదు. ఇంకొంచెం సూటిగా రాయాల్సింది. కొన్నిచోట్ల మరీ సూటిగా రాశానేమో. నాన్నతో కలిసి వచ్చేయండి. కిటికీలు తెరిచే ఉంటాయి, స్వెటర్లు తెచ్చుకోండి.

మీ
అమ్మ

తా.క. కాగితాలు మడిచి కవరులో పెడుతుంటే రిపోర్టు మీద కళ్ళు పడ్డాయి. పైన కుడివైపు ‘కొత్త పేషెంటు’ అని అచ్చయి ఉంది, కింద పదకొండో తేదీ. లాయరు అన్నిటికన్నా ముందు అదే చూస్తుంది. ఇంకో కాగితం తీసుకుని ఆ పేరా తిరగరాద్దామనుకున్నాను. రాయలేదు. పైకి వెళ్ళి చూడండి, జనవరిలోనే చూపించుకున్నానన్న వాక్యం మీదా దాని తర్వాతి దాని మీదా ఒక గీత ఉంది, పక్కన నా పొడి సంతకం ఉంది. ‘ఈమధ్య మళ్ళీ’లో ‘మళ్ళీ’ మీద కూడా.

జనవరిలో నేను ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. మీరు అనుకున్నదే నేనూ అనుకున్నాను. మీకన్నా ముందే, అక్టోబరు నుంచి. వెళ్తే తెలిసిపోతుందని వెళ్ళలేదు. లాయరు రాసిన ఆ వాక్యం, పెద్దమ్మ కూడా ఎవరికీ చెప్పలేదన్నది, చదివిన మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. అక్క నాకు అబద్ధం చెప్పిందో లేదో తెలీదు. నేను మాత్రం మీకు చెప్పాను.

మీరు వెళ్ళాక మీ పుస్తకంలో గళ్ళు ఖాళీగా ఉన్నాయి. సోమవారం నుంచి నేనే నింపాను. ఎత్తి రాస్తున్నాను.

సోమవారం. కిటికీలు: నాలుగూ తెరిచి. మబ్బు: ఎనిమిదికి ఎనిమిది. నాన్న: పక్క గదిలో. గమనిక: అమ్మ ఈ పుస్తకం చదివింది.

మంగళవారం. కిటికీలు: చూడలేదు. మబ్బు: చూడలేదు. నాన్న: స్వెటర్‌తో, ఇక్కడే. గమనిక: అమ్మ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మొదటిసారి.

బుధవారం. కిటికీలు: మూసి, తెరిచి, మూసి. మబ్బు: ఎనిమిదికి ఏడు. నాన్న: ఇక్కడే. గమనిక: రిపోర్టులు రాలేదు. అమ్మ స్టవ్ మీద పాలు రెండుసార్లు మర్చిపోయింది.

గురువారం. కిటికీలు: నాలుగూ తెరిచి. మబ్బు: ఎనిమిదికి ఒకటి. నాన్న: ఇక్కడే. గమనిక: రిపోర్టులు వచ్చాయి. అమ్మ ఏడ్చింది. కారణం: క్షేమం.